ఘాట్ ఎక్కాక మొదలయ్యే దారి

మా సైకిల్ గ్రూపులో లంబసింగి పేరెత్తితే ముందు అంకెలే వస్తాయి. నర్సీపట్నం సముద్ర మట్టానికి అరవై మీటర్ల దగ్గర్లో ఉంటుంది, లంబసింగి దాదాపు వెయ్యి మీటర్లు. ఆ తేడాని ఎవరు ఎన్ని గంటల్లో ఎక్కారు, ఎన్నిసార్లు కాలు కింద పెట్టారు, ఏ మలుపులో ఊపిరి అందలేదు, ఇవే మాటలు. పైకి చేరాక ఒక ఫోటో, ఒక టీ, వాచీలో వచ్చిన లెక్కకి ఒక స్క్రీన్‌షాట్. తర్వాత బ్రేకులు పట్టుకుని కిందికి. మధ్యాహ్నం భోజనానికి నర్సీపట్నం, రాత్రికి విశాఖపట్నంలో ఇల్లు. నేనూ అలాగే ఐదుసార్లు ఎక్కి ఐదుసార్లు దిగాను. ఐదుసార్లూ కలిపినా లంబసింగిలో నేను గడిపిన సమయం మూడు గంటలుండదు.

ఆరోసారి ఎందుకో చింతపల్లి దాకా వెళ్లొద్దామనిపించింది. ఇంకో ఇరవై కిలోమీటర్లే కదా అని పోయాను. అక్కడ ఒక టీ కొట్టు గోడకి సైకిల్ ఆనించి లోపలికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది కుడివైపుకి పడి ఉంది. వెనక గేరు వేలాడే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటాం, అది లోపలికి వంగిపోయింది. ఎక్కుడుకి వాడే తేలిక గేరు వేస్తే గొలుసు స్పోకులకు రాసుకుంటోంది. అలాంటి బండితో ఘాట్ దిగడానికి ధైర్యం చాలలేదు. సాయంత్రం నాలుగు దాటింది, చలి మొదలైంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పి, లాడ్జిలో గది తీసుకున్నాను.

మర్నాడు అక్కడ సంత. నాకు తెలియదు. తెల్లవారకముందే కిటికీ కింద మాటలు వినిపించి లేచాను. కావళ్లతో, బుట్టలతో, నెత్తిమీద మూటలతో మనుషులు వస్తూనే ఉన్నారు. చీపుర్ల కట్టలు, అడ్డాకులు, పసుపు, పిప్పళ్లు, రాజ్మా, చింతపండు. కొండమీది సరుకంతా ఇటు వస్తుంటే కిందనుంచి జీపుల్లో ఉప్పు, ఎండుచేపలు, సబ్బులు, బట్టలు, ప్లాస్టిక్ బిందెలు దిగుతున్నాయి. కొందరు ఇప్పటికీ సోల, తవ్వ, అడ్డ లెక్కన కొలిచే అమ్ముతున్నారు. మోటారు సైకిళ్లు బాగుచేసే కుర్రాడొకడు నా హ్యాంగర్ చూసి, గేరు విప్పి పక్కనపెట్టి, పెద్ద స్పానర్‌తో పట్టి, కంటితో కొలుచుకుంటూ మెల్లగా వంచి సరిచేశాడు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ నా పక్కన కావడి దించుకుని కూర్చున్న ఒక పెద్దాయన సైకిల్‌ని చూస్తున్నాడు.

"కిందనుంచి దీనిమీదే తొక్కుకొచ్చేవా బాబూ?"

"అవును తాతా."

"ఎన్ని గంటలు పట్టింది?"

నర్సీపట్నం నుంచి లంబసింగికి రెండున్నర గంటలని చెప్పాను. ఆయన తల ఊపి, తాను కోడి కూసేవేళకి బయలుదేరానన్నాడు. ఊరి పేరు చెప్పాడు. ఫోన్‌లో మ్యాపు తీసి వెతికాను. ఆ పేరు మ్యాపులో లేదు. కావడిలో రెండువైపులా చీపుర్లు, ఒక చిన్న మూటలో పసుపు ఉన్నాయి. అవి అమ్ముకుని అదే దారిన సాయంత్రానికి ఇంటికి చేరాలి.

ఆ రోజు నుంచి నేను మా గ్రూపులో ఒకే మాట పట్టుకుని వాదిస్తున్నాను. లంబసింగి ఎక్కి దిగిపోకండి. మన్యంలో సైకిల్ తొక్కే దారి ఘాట్ ఎక్కాక మొదలవుతుంది. నర్సీపట్నంలో ఎక్కి, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా అడ్డంగా దాటి శృంగవరపుకోటలో దిగండి. నాలుగు రోజులు పెట్టుకోండి. రెండు రాత్రులు మిగిల్చి రెండు రోజుల్లో ముగిస్తామనే వాళ్లు ఉన్నారు, ముగించగలరు కూడా. వాళ్ల కాళ్ల బలం మీద నాకు అనుమానం లేదు. అలా తొక్కితే వాళ్లకు ఏం కనిపించకుండా పోతుందో నాకు తెలుసు, అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఆ ఘాట్ గురించే చెప్పాలి, ఎందుకంటే అందరికీ తెలుసనుకునేది అదే.

నర్సీపట్నం దాటాక కొంతదూరం చెరకు, వరి, జీడిమామిడి తోటలు. రోడ్డు నెమ్మదిగా లేస్తున్నట్టు కళ్లకు తెలియదు, తొడలకు తెలుస్తుంది. డౌనూరు దగ్గర చెక్‌పోస్టు. అక్కడ ఒక దారి కొయ్యూరు వైపు పోతుంది, ఒకటి పైకి. గంజాయి కోసం తనిఖీలు గట్టిగా జరిగే ప్రాంతం కాబట్టి సైకిల్ బ్యాగులు కూడా విప్పి చూపించమంటారు. విసుక్కోకుండా చూపించండి. చూసేవాళ్లు రాత్రంతా నిలబడి ఉన్నవాళ్లు. అక్కడినుంచి అసలు ఎక్కుడు. వెదురు పొదలు రోడ్డుమీదికి వంగి ఉంటాయి. అడ్డతీగలు చెట్టు నుంచి చెట్టుకి పాకి, ఎక్కడ చెట్టు అయిపోయి తీగ మొదలైందో తెలియనివ్వవు. ఒక్కో మలుపు తిరిగాక గాలి మారుతుంది. మొదటి మలుపుల్లో చెమట కళ్లలోకి కారుతుంది, సగం దాటాక అదే చెమట వీపుమీద చల్లబడుతుంది. పైకి వస్తున్నామని నాకు అన్నిటికంటే ముందు చెప్పేది సిల్వర్ ఓక్ చెట్లు. నిటారుగా, బూడిదరంగు మొదళ్లతో, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలతో. ఆ చెట్ల కింద కాఫీ ఉంటుంది.

ఈ దారిని ఎవరు వేశారన్నది మా లెక్కల్లో ఎప్పుడూ రాదు. రావాలి. 1920ల మొదట్లో గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు పని అతని పెత్తనంలో జరిగింది. కొండవాళ్ల చేత రాళ్లు కొట్టించి, మట్టి మోయించి, ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు చేసుకునే హక్కు, అడవిలో కట్టెపుల్ల ఏరుకునే స్వేచ్ఛ పోయాయి. దానిమీద ఈ రోడ్డు కూలి దోపిడీ. గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులు బాస్టియన్ మీద మండిపోతున్నవాళ్లు. వాళ్లు అల్లూరి సీతారామరాజుతో కలిశారు. మన్యం తిరుగుబాటు రాజుకోవడానికి ఉన్న కారణాల్లో ఈ రోడ్డు ఒకటి. మనం గేరు మార్చుకుంటూ, నీళ్లు తాగుతూ, ఎంత చక్కని గ్రేడియంటో అని మెచ్చుకునే ఈ దారే.

గ్రేడియంట్ నిజంగానే చక్కగా ఉంటుంది. ఎక్కడా ఒక్కసారిగా నిలబడిపోదు, ఊపిరి తీసుకునే చోటు ఇస్తూ పోతుంది. ఆ వాలును కొండలోంచి తొలిచింది పూర్తి కూలి అందని చేతులు. నేను ఇప్పుడు ఆ ఘాట్‌లో ఆగకుండా ఎక్కాలని ప్రయత్నించడం మానేశాను. ఆగుతాను, రాతిగోడ పక్కన కూర్చుంటాను. దాన్ని నివాళి అనను. ఊరికే కూర్చోవాలనిపిస్తుంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో సీతారామరాజు, ఆయన మనుషులు మూడు స్టేషన్ల మీద దాడిచేసి తుపాకులు తీసుకుపోయారు. ఇది చిన్నప్పుడు పాఠంలో చదివినప్పుడు మూడు పేర్లే. ఒకసారి ఆ మూడింటినీ కలుపుతూ సైకిల్ మీద వెళ్లాను. చింతపల్లి నుంచి లంబసింగి, ఘాట్ దిగి డౌనూరు, కృష్ణదేవిపేట, అక్కడినుంచి రాజవొమ్మంగి. తారు రోడ్డు మీద, గేర్లున్న బండితో, తెల్లారి నుంచి సాయంత్రం దాకా పట్టింది. వాళ్లు వానాకాలంలో, కొండదారుల్లో, తీసుకున్న ఆయుధాలు మోసుకుంటూ నడిచారు. కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి ఉంది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. గంటం దొర కూడా ఆ ఏడాదే చనిపోయాడు. మల్లు దొర బతికి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. కూలి ఎగ్గొట్టిన రోడ్డు మీదనుంచి పార్లమెంటు దాకా వెళ్లిన మనిషి గురించి ఘాట్‌లో ఒక్క బోర్డు కూడా నాకు ఎదురుపడలేదు.

ఇక పైకి చేరాక. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. శీతాకాలం పత్రికల్లో లంబసింగి ఉష్ణోగ్రత అని వచ్చే అంకెల్లో చాలావాటికి మూలం చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధనా స్థానం. ఆ అంకె ఒకటికో రెండుకో పడిన వారాంతంలో కొండ మీద ఏం జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. అర్ధరాత్రి నుంచే కార్లు ఎక్కుతాయి. మేఘాలు చూడటానికి చెరువులవేనం వైపు, బోటు కోసం తాజంగి జలాశయం వైపు. పొద్దెక్కేసరికి అందరూ దిగిపోతారు. కాగితం ప్లేట్లు, సీసాలు, మంటలు వేసిన మసి మిగులుతాయి. మేం సైకిల్ వాళ్లం ఆ కార్ల వాళ్లను తిట్టుకుంటాం. నాకు మాత్రం పెద్ద తేడా కనిపించదు. వాళ్లు మేఘం ఫోటో తీసుకుని దిగుతారు, మనం లెక్క ఫోటో తీసుకుని దిగుతాం. ఆ కొండ మీద బతికేవాళ్లకు రెండూ ఒకటే.

పైన అంతా చదునుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. చింతపల్లి నుంచి పాడేరు సుమారు నలభై కిలోమీటర్లు. ఆ నలభైలో చదునుగా ఉండేది తక్కువ. దిగుతారు, కింద ఒక గెడ్డ, అంటే వాగు, చిన్న వంతెన, మళ్లీ ఎక్కుతారు. ఇంకో గెడ్డ. సాయంత్రానికి లెక్క చూస్తే ఒక చిన్న ఘాట్ ఎక్కినంత అవుతుంది. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. ఊళ్ల పేర్లు చదవడం నేర్చుకుంటే ఎలివేషన్ మ్యాపు అక్కర్లేదు. లోతుగెడ్డ అంటే ముందు దిగి తర్వాత ఎక్కాలి. పేరు చివర మెట్ట ఉంటే ఎక్కుడు ఉంది, నీళ్లు నింపుకోవాలి. బయలు అని ఉంటే కాసేపు కాళ్లకు విశ్రాంతి. కొర్రబయలు, పెదబయలు, సుంకరిమెట్ట. నడిచిన మనుషులు నడకను బట్టి పెట్టుకున్న పేర్లు. కారులో పోయేవాడికి ఆ పేర్లు ఉత్త పేర్లే. సైకిల్ మీద పోయేవాడికి ప్రతి పేరూ నిజమని తేలుతుంది. నాకు ఇంత సంతోషం కలిగించిన భాషాపాఠం మరొకటి లేదు.

ఈ దారిలో ఏ నెల వెళ్తే ఆ నెల వాసన వేరు. నవంబరులో పాడేరు, అరకు వైపు వలిసె పూలు విచ్చుకుంటాయి, కొండవాలు మీద పసుపుపచ్చని దుప్పటి పరిచినట్టు. అప్పటినుంచి జనవరి దాకా కాఫీ పండు కోత. ఎర్రని పండ్లు కోసి బుట్టల్లో తెస్తుంటారు, ఇళ్లముందు గింజలు ఎండుతుంటాయి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం ఉంది. ఆ గింజ పుట్టిన గుమ్మం ముందు ఆగి, ఎండబోసిన గింజల పక్కనుంచి జాగ్రత్తగా సైకిల్ నడిపించుకుంటూ పోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో పసుపు ఉడకబెడతారు. ఆ వాసన మలుపు తిరగకముందే ముక్కుకి తగులుతుంది. మార్చి, ఏప్రిల్లో నాలుగు చినుకులు పడితే కాఫీ పూస్తుంది. మల్లెలాంటి తెల్లని పువ్వు, మల్లెలాంటి వాసన, కొండంతా. జూన్, జూలైల్లో అనాసపళ్లు రోడ్డుపక్కనే కోసి ఇస్తారు. కానీ వానలు ముదిరాక వెళ్లకండి. కొండచరియలు జారతాయి, గెడ్డలు పొంగుతాయి. సాహసం చేశామని చెప్పుకోవడానికి మనల్ని వెతకడానికి వచ్చేవాళ్ల ప్రాణాలు పణంగా పెట్టకూడదు.

గిరిజనుల వేట పండగ, ఇటుకల పండగ రోజుల్లో వెళ్తే ఇంకో అనుభవం. మగవాళ్లు వేటకి పోతే ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ, వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులు అడుగుతారు. మొదటిసారి నన్ను ఆపినప్పుడు నా దగ్గర చిల్లర లేదు. సిగ్గేసింది. ఉన్న నోటు ఇచ్చాను. అప్పటినుంచి ఆ పండగ రోజుల్లో వెళ్తే పది రూపాయల నోట్లు పెట్టుకుంటాను. కొందరు డ్రైవర్లు చిరాకు పడి కర్ర మీదనుంచి పోనిస్తారు. వాళ్ల పండగలోంచి మనం పోతున్నామన్న సంగతి మరిచిపోతే ఎలా?

ఇప్పుడు మా గ్రూపులో అన్నిటికంటే ఎక్కువ గొడవ జరిగే విషయం. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా జాతీయ రహదారి 516ఈ వస్తోంది. చాలాచోట్ల కొండ తొలిచారు. చెట్లు పోయాయి. ఎర్రమట్టి గాయాల్లా కనిపిస్తుంది. మా వాళ్లలో కొందరు దీని మీద కోపంగా ఉన్నారు. పాత దారిలోని నీడ పోయింది, మలుపులు పోయాయి, ఇకమీదట కార్లు వేగంగా పోతాయి, సైకిల్‌కి ఇక్కడ చోటుండదు అంటారు. ఆ బాధ నాకూ ఉంది. నేను టీ తాగిన చెట్టు నీడ ఒకటి ఇప్పుడు లేదు, అక్కడ కంకర గుట్ట ఉంది.

కానీ ఈ రోడ్డు వద్దని అనడానికి నాకు నోరు రాదు. కారణం చెప్తాను. రెండేళ్ల కిందట పాడేరు వైపు వెళ్తూ ఒక కాలిబాట తారురోడ్డుని కలిసే చోట నలుగురైదుగురు నిలబడి ఉండటం చూశాను. కింద డోలీ. వెదురు బొంగుకి దుప్పటి కట్టి, అందులో ఒక గర్భిణి. పక్కన ఆమె తల్లి కాబోలు, ముఖం తుడుస్తోంది. మోసుకొచ్చిన ఇద్దరూ కుర్రాళ్లే, భుజాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. 108 కోసం చూస్తున్నారు. ఫోన్ సిగ్నల్ కోసం ఒకతను ఎత్తుమీదికి ఎక్కి అరుస్తున్నాడు. నా దగ్గరున్న నీళ్లు ఇచ్చాను, నా ఫోన్ కూడా ఇచ్చాను, అందులోనూ సిగ్నల్ లేదు. అంబులెన్స్ వచ్చేదాకా అక్కడే ఉన్నాను. వచ్చింది. ఆ తర్వాత నేను ఎంత దూరం తొక్కానో గుర్తులేదు.

డోలీ మోతలు ఆగాలంటే రోడ్డు కావాలి. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అడవి తల్లి బాట పేరుతో గిరిజన గూడేలకు రోడ్లు వేసే పని మొదలుపెట్టింది. అలాంటివి ఇంకా ఎన్నో కావాలి, వేసినవి నిలవాలి. పల్లెనుంచి పల్లెకు పోయే ఆ చిన్న రోడ్లకూ, కొండకి అడ్డంగా పోయే పెద్ద రహదారికీ తేడా ఉంది, నిజమే. చెట్లు కొట్టే లెక్క, మట్టి ఎక్కడ పోస్తున్నారన్న లెక్క అడగాల్సిందే. అడిగే హక్కు మొదట ఆ కొండమీది గ్రామసభలది. వారానికోసారి వచ్చి పోయే నాకు నీడ పోయిందన్న బాధ చెప్పుకునే చోటు ఆ వరసలో చివర ఉంటుంది. అందం కోసం రోడ్డు సన్నగా ఉండాలని కోరుకునే సైకిల్ మనిషి, ఆ సన్నని దారి చివర డోలీ మోసేది ఎవరో ఒక్కసారి నిలబడి చూడాలి. ఇందులో నా అభిప్రాయం మారదు.

ఉన్న రోడ్డు మీద మనం ఎలా వెళ్తామన్నది మన చేతిలోని పని. కొన్ని మాటలు గట్టిగా చెప్తాను.

ఘాట్‌లో పిల్లలకు చాక్లెట్లు పంచకండి. మంచి మనసుతోనే చేస్తారు, నాకు తెలుసు. దానివల్ల ఏమైందంటే బండి శబ్దం వినగానే పిల్లలు మలుపుల్లో రోడ్డు మీదికి పరుగెత్తుకొస్తున్నారు. ఒకసారి నా ముందు వెళ్తున్న జీపుకి ఒక పాప జానెడు దూరంలో ఆగింది. నా కాళ్లు వణికాయి. ఇవ్వాలనిపిస్తే బడికి వెళ్లి టీచరుని కలిసి ఏం కావాలో అడగండి.

సంతలో మనుషుల ఫోటోలు అడక్కుండా తీయకండి. ముక్కు పోగులు, కడియాలు, పచ్చబొట్లు చూసి ఫోన్ ఎత్తుతారు. ఆమె అక్కడికి పసుపు అమ్మడానికి వచ్చింది. పసుపు కొనండి, మాట్లాడండి. తర్వాత అడగండి, వద్దంటే ఊరుకోండి. పిప్పళ్లు, రాజ్మా, పసుపు సైకిల్ బ్యాగులో పట్టినంత నేను ప్రతిసారీ తెస్తాను. మా ఇంట్లో పప్పుల డబ్బాలో ఉండే రాజ్మా మూడేళ్లుగా చింతపల్లి సంతదే. బేరం ఆడను. ఆ సరుకుని వాళ్లు ఎంత దూరం మోశారో ఒకసారి చూశాక బేరమాడటానికి నోరెలా వస్తుంది?

తిండి దొరుకుతుంది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి బయలుదేరిన రోజు నాకు పది గంటల దాకా ఆకలి తెలియలేదు. రంగురంగుల ప్యాకెట్లలో వచ్చే ఎనర్జీ జెల్స్ కంటే నా శరీరానికి అదే పడింది. వానల తర్వాత వెదురు కొమ్ముల కూర దొరికితే వదలకండి. జీలుగు కల్లు ఎవరైనా ఇస్తే ఆ రోజుకి సైకిల్ పక్కన పెట్టేయండి, ఏటవాలుగా దిగాల్సిన దారి ఇది.

బండి విషయానికొస్తే, బ్యాగులతో ఎక్కాలి కాబట్టి వెనక ముప్పై నాలుగు పళ్ల గేరు ఉంటే మోకాళ్లు బతుకుతాయి. టైరు ముప్పై రెండు మిల్లీమీటర్లకు తక్కువ వద్దు, పనులు జరిగే చోట కంకర మీద పోవాలి. పగలు కూడా లైటు వెలిగించే ఉంచండి, పొగమంచులో పది అడుగుల ముందు బస్సు ఉన్నా తెలియదు. మలుపుల్లో ఎడమవైపే ఉండండి. ఆర్టీసీ డ్రైవర్లు హారన్ కొట్టి మనల్ని చూసుకుంటారు, భయమంతా కొత్తగా ఘాట్ ఎక్కే కార్లతో. చేతిలో నగదు ఉంచుకోండి, సిగ్నల్ లేని చోట ఫోన్‌తో చెల్లించలేరు. మిగతావన్నీ మీకు తెలిసినవే.

మూడో రోజు పాడేరు నుంచి హుకుంపేట మీదుగా అరకు సుమారు నలభై ఐదు కిలోమీటర్లు. పాడేరులో మోదకొండమ్మ గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని బయలుదేరడం నాకు అలవాటైంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడి దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టినప్పుడు పాడేరే కేంద్రమైంది. ఆయన చింతపల్లి స్టేషను మీద దాడిచేసి సరిగ్గా వందేళ్లయిన సంవత్సరం. డుంబ్రిగూడ దగ్గర చాపరాయిలో నీళ్లు బండమీదనుంచి చాపలా పరుచుకుని జారతాయి. బూట్లు విప్పి కాళ్లు పెట్టుకోండి, కానీ వానాకాలంలో ఆ బండ మనుషుల్ని మింగింది, నాచు మీద అడుగు వేయకండి. అరకు గురించి నేను రాసేది పెద్దగా లేదు, అందరూ రాస్తూనే ఉన్నారు.

నాలుగో రోజు అరకు నుంచి శృంగవరపుకోట, సుమారు అరవై ఐదు. సుంకరిమెట్ట పేరు మాట తప్పదు, ఎక్కిస్తుంది. గాలికొండ దాటాక ఇక దిగుడే. అనంతగిరి మండలంలోకి వచ్చాక నేను తప్పకుండా ఒకచోట ఆగుతాను. 1997లో సుప్రీంకోర్టు, సమత అనే సంస్థ వేసిన కేసులో తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమినీ అటవీ భూమినీ గనుల కోసం గిరిజనేతరులకూ, ప్రైవేటు కంపెనీలకూ లీజుకివ్వడం చెల్లదని చెప్పిన తీర్పు. ఆ కేసు మొదలైంది ఈ మండలంలోని లీజుల మీదనే. బొర్రా గుహలకు వెళ్లే జంక్షన్లో కార్లు గుంపుగా ఉంటాయి. అదే కొండలో గనులు తవ్వడం ఆగడానికి ఇక్కడి గ్రామాలు ఎన్నేళ్లు కొట్లాడాయో వాళ్లలో ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. చాలాసార్లు చెప్పాను కూడా. కొందరు విన్నారు.

దిగుడులో బ్రేకులు ఒకేలా నొక్కి పట్టుకోకండి, నొక్కి వదులుతూ దిగండి. రిమ్ బ్రేకులైతే మధ్యలో రెండుచోట్ల ఆగి రిమ్ముని ముట్టుకుని చూడండి, కాలుతుంటే చల్లారేదాకా కూర్చోండి. ట్యూబు పేలేది ఇక్కడే. తైడ దాటాక వేడి గాలి ముఖానికి తగులుతుంది. అప్పటిదాకా వేసుకున్న స్వెట్టరు విప్పాల్సొస్తుంది. నాలుగు రోజులు చల్లని గాలి పీల్చిన ముక్కుకి మైదానం వాసన కొత్తగా ఉంటుంది. దుమ్ము, కోసిన వరి, డీజిల్.

ఈ ఫిబ్రవరిలో చింతపల్లి నుంచి అటువైపు, గూడెం కొత్తవీధి, సీలేరు మీదుగా చింతూరు దాకా వెళ్లాలనుకుంటున్నాను. ఒడిశా సరిహద్దు వెంట, సీలేరు నది పక్కన, డొంకరాయి మీదుగా దిగే దారి. ఊళ్లు తక్కువ, అడవి చిక్కన, కాబట్టి ముగ్గురో నలుగురో కలిసి వెళ్లాలి. సంత రోజులు అడిగి తెలుసుకున్నాకే తేదీలు ఖాయం చేస్తాను, ఎవరు ఎంత వేగంగా ఎక్కుతారన్నది ఈసారి ఎవర్నీ అడగను. వచ్చేవాళ్లు రెండు బ్రేక్ ప్యాడ్ల జతలు, ఒక హ్యాంగర్ అదనంగా తెచ్చుకోండి. చింతపల్లిలో ఆ కుర్రాడి షాపు బస్టాండు దాటాక ఎడమవైపు ఉంది, బయలుదేరేముందు బండ్లు ఒకసారి అతనికి చూపిద్దాం.